సోమాలియా కాదట, సోమాలీలాండ్ అట: తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి

పడమటిగాలి:
మా ఇల్లు టోలిచౌకి దగ్గర. పై పోర్షన్‌లో ముగ్గురు ఆఫ్రికా కుర్రాళ్ళు అద్దెకుంటున్నారు, చదువుకోడానికి వచ్చారు. ఒకసారి మెట్ల మీద కలిసినప్పుడు వాళ్ళలో ఒకణ్ణి "మీది సోమాలియా కదా" అన్నాను. మొహం చిన్నబోయింది. "కాదంకుల్, సోమాలీలాండ్. హర్గీసా" అన్నాడు. హర్గీసా వాళ్ళ రాజధాని అట. పాస్‌పోర్టు మాత్రం సోమాలియాదే. అగ్రిమెంటు రాసుకునేటప్పుడు జిరాక్స్ తీయించింది నేనే.

అప్పట్నుంచీ దొరికినదల్లా చదువుతున్నా. 1991లో సోమాలియా నుంచి విడిపోయారు. సొంత కరెన్సీ, సొంత సైన్యం, ఎలక్షన్లు ఉన్నాయి. ఓడిన ప్రెసిడెంటు మారు మాట్లాడకుండా దిగిపోవడమూ ఉంది. కానీ ఏది చదివినా "క్లాన్, క్లాన్" అని ఒకటే గోల, అంటే వంశాలట. క్లాన్ల వల్లే సోమాలియా నాశనమైందని ఒకరంటారు, క్లాన్ల వల్లే సోమాలీలాండ్ నిలబడిందని ఇంకొకరంటారు. రెండూ ఎలా నిజమవుతాయి?

నల్లరేగడి:
ఇందులో అర్థం కానిదేముంది అన్నా. మన దగ్గర లేదా? టికెట్ ఇచ్చేది కులం చూసి, ఓటేసేది కులం చూసి. అక్కడ దాని పేరు క్లాన్. అంతే.

చరిత్రపిచ్చోడు:
నల్లరేగడి గారూ, ఈ పోలిక దగ్గరే చాలామంది కాలు జారతారు. కులంలో ఉండేవి మెట్లు. సోమాలీ క్లాన్లలో ఉండేవి కొమ్మలు. భాష ఒకటే, మతం ఒకటే, ఎక్కువమందికి తాతల నాటి బతుకుతెరువూ ఒకటే: ఒంటెలు, గొర్రెలు, మేకలు. నువ్వు ఏ తాత కొమ్మలోంచి వచ్చావన్నదే తేడా. మనలో దగ్గరి మాట కావాలంటే వంశం, ఇంకా దగ్గరగా ప్రవర. పిల్లలకి మాటలు వస్తూనే తండ్రి, తాత, ముత్తాత అంటూ పేర్ల వరస నేర్పిస్తారు. దాన్ని అబ్తిర్సి అంటారు. కొత్తవాళ్ళిద్దరు కలిస్తే పేర్లు వెనక్కి చెప్పుకుంటూ పోతారు, ఏదో ఒక తాత దగ్గర కలుస్తారు. ఆ తాత ఎంత దగ్గరివాడైతే చుట్టరికం అంత గట్టిది.

పెద్ద కొమ్మలు ఇవి: మధ్యలో ఇసాక్, పడమర గదబుర్సీ, ఈసా, తూర్పున ధుల్బహాంతే, వార్సంగెలీ. సంఖ్యలో ఇసాక్‌దే పైచేయి. మళ్ళీ ఇసాక్‌లో హబర్ అవల్, హబర్ యూనిస్, హబర్ జెలో, ఇంకా చాలా ఉన్నాయి. అక్కడి రాజకీయంలో సగం ఈ ఇసాక్ దాయాదుల తగాదానే. దాయాదుల పోరు ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మోడరేటర్:
మంచి చర్చ. ఒక్క మనవి: మన ఊళ్ళ కులాల లెక్కలు ఇక్కడికి లాక్కురాకండి. కిందటి వారం ఒక చర్చాదారం దానివల్లే మూసేయాల్సి వచ్చింది.

ఓడరేవు:
నేను సోమాలీలాండ్ రేవు ఊరు బెర్బెరాలో రెండేళ్ళు పనిచేశాను. పోర్టులో క్రేన్లకి ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. వైజాగ్ ఎండ అలవాటైనవాణ్ణే, అయినా బెర్బెరా జులై ముందు మన మే నెల చలికాలం.

క్లాన్ అంటే ఏంటో నాకు తెలిసింది ఒక యాక్సిడెంట్ వల్ల. మా సామాను తెచ్చే లారీ హర్గీసా రోడ్డులో చీకటి పడే వేళ ఒక మనిషిని గుద్దింది. మనిషి పోయాడు. ఇక పోలీసులు, కేసు, కోర్టు అనుకున్నాను. పోలీసులు వచ్చి డ్రైవర్‌ని లోపల వేసిన మాట నిజమే. అయితే శిక్ష కోసం కాదట, పెద్దలు మాట్లాడుకునేదాకా అతని ప్రాణానికి కాపలాగా. మూడో రోజుకి రెండువైపుల ఆకిల్‌లు దిగారు. ఆకిల్ అంటే ఒక చిన్న వంశానికి పెద్దమనిషి.

తుమ్మచెట్టు కింద చాపలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, థర్మాస్‌లో ఏలకులు వేసిన పాల టీ. ఎవరూ గొంతు పెంచలేదు. ఒకాయన మాట్లాడుతుంటే ఇంకొకాయన మధ్యలో దూరడు, తన వంతు వచ్చేదాకా చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ కూర్చుంటాడు. ఒక్కొక్కరూ పావుగంట, మధ్యమధ్యలో సామెతలు, పద్యాలు. మా స్టోర్‌కీపర్ పక్కన కూర్చుని నాకు చెవిలో చెబుతున్నాడు. ధర ఎప్పుడో పెద్దలు కట్టినదే: మగవాడి ప్రాణానికి వంద ఒంటెలు, ఆడమనిషికి యాభై. బేరమంతా ఒంటెకి ఎన్ని డాలర్లు కట్టాలి, ముందు ఎంత, వాయిదాలు ఎన్ని అన్నదాని మీదే నడిచింది.

అసలు సంగతి ఇప్పుడు. డ్రైవర్ జేబులోంచి పోయింది చాలా తక్కువ. మిగతాది అతని మగ్ గుంపు పంచుకుంది. మగ్ అంటే ఈ రక్తపరిహారం. దాన్ని కలిసి కట్టే, కలిసి పుచ్చుకునే కుటుంబాలన్నీ ఒక గుంపు, కొన్ని వందలు, ఒక్కోచోట వేలు. తరవాతి వారం మా స్టోర్‌కీపర్ ఫోన్ తీసి జాద్‌లో పదో పన్నెండో డాలర్లు కొట్టాడు. (జాద్ అంటే వాళ్ళ ఫోన్‌పే అనుకోండి, 2009 నుంచే ఉంది, మామూలు డబ్బా ఫోన్‌లోనూ పనిచేస్తుంది.) నీకేంటి సంబంధం అన్నాను. "మాది ఒకే మగ్" అన్నాడు. ఆ డ్రైవర్ మొహం అంతకుముందు చూడను కూడా లేదట.

నన్ను తీసుకెళ్ళిన కాంట్రాక్టరు ఆఖరి నెల జీతం ఎగ్గొట్టాడు. నాకు మగ్ గుంపు లేకపోయింది, అదీ బాధ.

కొత్తసభ్యుడు:
హహ్హా, ఆఖరి లైన్ అన్నా.

లండన్అక్క:
"ఆడమనిషికి యాభై" అని ఒక్క ముక్కలో దాటేశారేంటి ఓడరేవు గారూ?

ఓడరేవు:
అక్కా, దాటేయలేదు. అక్కడ ఆ మాట ఎవరూ ఆగి ఆలోచించే మాట కాదు, మన బజార్లో ధర చెప్పినట్టు చెబుతారు. నాకు విన్న గొంతే రాతలోకి వచ్చేసింది.

పడమటిగాలి:
అన్నా, మీ చెట్టు కింద పంచాయతీ కళ్ళకి కట్టింది. కానీ ఒక లారీ యాక్సిడెంటు వేరు, దేశం వేరు కదా. చెట్టు కిందనుంచి పార్లమెంటు దాకా ఎలా వెళ్ళారు?

చరిత్రపిచ్చోడు:
కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

సోమాలీలాండ్ బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్న ముక్క. 1960 జూన్ 26న స్వతంత్రమైంది. ఐదు రోజులకే, జులై 1న, ఇటలీ కింద ఉన్న దక్షిణ సోమాలియాతో కలిసిపోయింది. కలవాలని మోజుపడింది వీళ్ళే. కలిశాక రాజధాని మొగదిషు, పదవులు ఎక్కువ దక్షిణాదివాళ్ళవి. 1969లో సియాద్ బారే సైనిక పాలన వచ్చింది. 1981లో లండన్‌లో ఎస్‌ఎన్‌ఎమ్ (సోమాలీ నేషనల్ మూవ్‌మెంట్) అనే తిరుగుబాటు సంస్థ పుట్టింది, ఎక్కువమంది ఇసాక్‌లు. 1988 మేలో వాళ్ళు బురావ్, హర్గీసా మీద దాడి చేస్తే బారే సైన్యం ఊళ్ళకి ఊళ్ళనే నేలమట్టం చేసింది. విమానాలు హర్గీసా ఎయిర్‌పోర్టులోనే లేచి, హర్గీసా మీదే బాంబులు వేసి, మళ్ళీ అక్కడే దిగేవి. కూలిన ఒక మిగ్ విమానాన్ని ఇప్పుడు ఊరి నడిబొడ్డున దిమ్మె మీద నిలబెట్టారు. లక్షల మంది ఇథియోపియా శిబిరాలకి నడిచి పోయారు.

ఆ శిబిరాల్లో తిండి పంచడం, కుర్రాళ్ళని పోరాటానికి పంపడం, తగాదాలు తీర్చడం చూసుకున్నది వంశాల పెద్దలే. ఆ పెద్దల సభ పేరు గూర్తి. పడమటిగాలి గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఎస్‌ఎన్‌ఎమ్ ఆ పెద్దల మీద ఆధారపడింది, వాళ్ళని తోసేసి పోలేకపోయింది. దక్షిణాన తుపాకీ ఉన్నవాడిదే మాటైపోయింది, వాణ్ణి "కూర్చో" అనగల పెద్దమనిషి లేకుండాపోయాడు.

1991 మే 18న బురావ్ సభలో విడిపోతున్నామని ప్రకటించారు. అంతటితో సుఖాంతం అనుకోకండి. మొదటి ప్రెసిడెంటు అబ్దిరహ్మాన్ తూర్ హయాంలో, 1992లో, బెర్బెరా రేవు ఆదాయం మీద ఇసాక్‌లలోనే యుద్ధం జరిగింది. ఒకవైపు తూర్ సొంత హబర్ యూనిస్, ఇంకోవైపు హబర్ అవల్‌లోని ఈసా మూసా (పడమటి ఈసాలు వేరు). అన్నదమ్ముల మధ్యవర్తిత్వానికి పక్కింటివాళ్ళు రావాల్సి వచ్చింది: గదబుర్సీ పెద్దలు.

1993 జనవరి నుంచి మే దాకా గదబుర్సీల ఊరు బొరామాలో మహాసభ. ఓటు హక్కు ఉన్న పెద్దలు 150 మంది, వచ్చిపోయేవాళ్ళు వందల్లో. నాలుగు నెలల తిండి, పడక ఆ ఊరివాళ్ళు, వ్యాపారులు, విదేశాల్లో ఉన్నవాళ్ళు చూసుకున్నారు. బయటి దేశాల డబ్బు చాలా తక్కువ. అదే సమయంలో మొగదిషులో ఐక్యరాజ్యసమితి కోట్ల డాలర్లు కుమ్మరిస్తోంది, ఫలితం సున్నా. బయటి డబ్బు లేకపోవడమే వీళ్ళ అదృష్టమని నా అభిప్రాయం. ఎవడి సొంత గొర్రెలు కోసి సభ నడుపుతున్నాడో వాడికి సభ త్వరగా తేలాలని ఉంటుంది.

అక్కడే ఇబ్రహీం ఎగాల్‌ని ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. 1960లో ఆ ఐదు రోజుల దేశానికి పెద్ద ఆయనే. బెర్బెరా వ్యాపారుల దగ్గర అప్పు తెచ్చి, ఒక్కో వంశం తుపాకులు, తుపాకులు బిగించిన జీపులు ప్రభుత్వానికి అప్పజెప్పేలా చేశాడు. కుర్రాళ్ళని జీతమిచ్చి సైన్యంలోనూ పోలీసులోనూ కలిపేశాడు. 1994లో హర్గీసా ఎయిర్‌పోర్టు ఎవరిదన్నదాని మీద మళ్ళీ ఇసాక్‌ల మధ్యే కాల్పులు, అది 1996 దాకా సాగింది. అయినా ఆ మనిషి నిలదొక్కుకున్నాడు. గడుసువాడు.

నల్లరేగడి:
గొర్రెల లెక్క నచ్చింది. ఆ గూర్తి ఇప్పుడూ ఉందా? మన శాసనమండలి లాంటిదా?

చరిత్రపిచ్చోడు:
ఉంది, పార్లమెంటులో పైసభ అదే. 82 మంది. 1993 నుంచి ఈరోజు వరకు ఒక్కసారి కూడా ఎన్నిక జరగలేదు. సభ్యుడు పోతే కొడుకో తమ్ముడో వచ్చి కూర్చుంటాడు. యుద్ధాలు ఆపిన తరం దాదాపు వెళ్ళిపోయింది, కుర్చీలు మాత్రం ఆ ఇళ్ళలోనే ఉన్నాయి. పైగా ప్రెసిడెంటు గడువు పొడిగించే అధికారం వాళ్ళదే. ప్రెసిడెంటు వాళ్ళ గడువు కదపడు, వాళ్ళు ఆయన గడువు పెంచుతారు. 2022లో ప్రెసిడెంటుకి రెండేళ్ళు, తమకి ఐదేళ్ళు పెంచుకున్నారు. కింది సభ సంగతి ఇంకా బాగుంటుంది: 2005లో గెలిచినవాళ్ళు 2021 దాకా కదల్లేదు.

నల్లరేగడి:
ఎన్నికలే లేకుండా పదహారేళ్ళా! మనవాళ్ళకి చెప్పకండి.

ఓడరేవు:
ఆ వెక్కిరింపు సరే గానీ మంచిది కూడా చెప్పాలి. 2003 ఏప్రిల్‌లో ప్రెసిడెంటు ఎన్నిక. కుర్చీలో ఉన్న దాహిర్ రియాలె, ప్రతిపక్షం సిలాన్యో మీద గెలిచింది 80 ఓట్ల తేడాతో. ఎనభై వేలు కాదు, ఎనభై. సిలాన్యో కోర్టుకెళ్ళాడు, ఓడాడు, పెద్దలు నచ్చజెప్పారు, ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ యుద్ధం రాలేదు. 2010లో అదే సిలాన్యో గెలిస్తే రియాలె కుర్చీ అప్పగించాడు. రియాలె ఎవరనుకున్నారు? గదబుర్సీ, ఇసాక్ కాదు. బారే కాలంలో గూఢచారి శాఖ అధికారి, అదీ బెర్బెరాలో. బాంబులు పడ్డ ఊళ్ళు అలాంటి మనిషిని ఏడెనిమిదేళ్ళు ప్రెసిడెంటుగా ఉంచుకున్నాయి.

కొత్తసభ్యుడు:
80 ఓట్లు!! మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో అంతకంటే ఎక్కువ తేడా వచ్చింది, అయినా కోర్టులో ఉంది.

పడమటిగాలి:
ఓట్లు పడేది మళ్ళీ క్లాన్‌ని బట్టేనా?

చరిత్రపిచ్చోడు:
చాలావరకు. అందుకే రాజ్యాంగంలో ఒక కిటుకు పెట్టారు: దేశంలో మూడే పార్టీలు ఉండాలి. వంశానికో పార్టీ పెట్టుకుంటే ఎవరూ గెలవలేరు, పొత్తు తప్పదు అని ఆలోచన. ఏ మూడు అన్నది పదేళ్ళకోసారి ఓటర్లే తేలుస్తారు. 2024 నవంబరులో వద్దనీ, కుల్మియే, కాహ్ అనే పార్టీలు నిలిచాయి. ఆ ఎన్నికలోనే వద్దనీ నాయకుడు ఇర్రోకి దాదాపు 64 శాతం వచ్చాయి, కుర్చీలో ఉన్న మూసే బిహీ దిగిపోయాడు.

ఇప్పటిదాకా ప్రెసిడెంట్ల వరస చూడండి: హబర్ యూనిస్, హబర్ అవల్, గదబుర్సీ, హబర్ జెలో, హబర్ అవల్, ఇప్పుడు మళ్ళీ హబర్ యూనిస్. ఇలా తిప్పమని ఎక్కడా రాసిలేదు. ఏ ఒక్క వంశం ఒంటరిగా గెలవలేదు కాబట్టి ఎవరు ఎవరితో కలిశారన్నదే ఎన్నిక.

దొంగ ఓట్ల సరదా కూడా ఉంది. 2008లో ఓటర్ల జాబితా మొదలెట్టినప్పుడు "మన వంశం లెక్క పెరగాలి" అని పెద్దలే కుర్రాళ్ళని రెండేసి మూడేసి చోట్ల నమోదు చేయించారు. 2017కి వచ్చేసరికి కంటిపాప స్కాన్ పెట్టారు. ప్రెసిడెంటు ఎన్నికకి కంటిపాప స్కాన్‌తో ఓటర్ల జాబితా తయారుచేయడం ప్రపంచంలో అదే మొదటిసారి.

లండన్అక్క:
నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని. మా వార్డులో సోమాలీ అమ్మాయిలు ఇద్దరు, ఒకామెది హర్గీసా. ఇందాకటి నుంచి పెద్దలు, పెద్దలు అంటున్నారు గదా, ఆ పెద్దల్లో ఒక్క ఆడమనిషి ఉందా చెప్పండి. 2021 ఎన్నికల్లో కింది సభ 82 సీట్లలో గెలిచిన ఆడవాళ్ళు సున్నా. పోటీ చేసినవాళ్ళే 13 మంది.

కారణం ఆమె నాకు టీ బ్రేక్‌లో వివరంగా చెప్పింది. సీటు వంశానిది. ఆడపిల్ల పుట్టింది ఒక వంశంలో, మెట్టింది ఇంకో వంశంలో. పుట్టింటివాళ్ళు "నువ్వు గెలిస్తే లాభం అత్తింటివాళ్ళకి" అంటారు. అత్తింటివాళ్ళు "నువ్వు మా రక్తం కాదుగా" అంటారు. రెండిళ్ళ మనిషికి ఏ ఇంట్లోనూ టికెట్ లేదు. యుద్ధం వస్తే మాత్రం రెండువైపులకీ కబురు మోసేది ఆమే, ఎందుకంటే ఆమెని ఎవరూ కాల్చరు. సంధి కుదిరాక ఒకవైపు పిల్లని రెండోవైపు ఇచ్చి పెళ్ళి చేసే ఆచారమూ ఉందట.

ఇంకో తమాషా. హబర్ అవల్, హబర్ యూనిస్ అంటున్నారే, ఆ "హబర్" అంటే ముసలామె, తల్లి అని అర్థమట. కొమ్మల పేర్లలో తల్లి ఉంది, సభలో లేదు.

ఓడరేవు:
అక్కా, ఈ "హబర్" అర్థం రెండేళ్ళున్నా నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

చరిత్రపిచ్చోడు:
అక్క మాటతో ఇంకోటి గుర్తొచ్చింది. నల్లరేగడి గారూ, మీరు వెతికిన కులం కూడా అక్కడ ఉంది. గబోయె అంటారు. కమ్మరం, తోలుపని, క్షౌరం చేసే సమూహాలు. మిగతావాళ్ళు పిల్లనివ్వరు, తెచ్చుకోరు. వంద ఒంటెల లెక్క వీళ్ళ దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోతుంది, వెనకాల నిలబడే పెద్ద గుంపు లేదు కదా. అయితే 2021లో ఒక గబోయె అభ్యర్థి బర్ఖద్ బతూన్ హర్గీసాలో నిలబడి, దేశం మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు. పెద్ద వంశాల కుర్రాళ్ళు కూడా వేశారన్నమాట.

నల్లరేగడి:
ఇది నాకు తెలీదు. నా మొదటి కామెంట్ సగం వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

తూర్పుగట్టు:
అందరూ బొరామా, బొరామా అని మురిసిపోతున్నారు. లాస్ ఆనోద్ సంగతి ఎవరూ ఎత్తరేం? ధుల్బహాంతేల ఊరు. 2007లో సోమాలీలాండ్ సైన్యం వచ్చి కూర్చుంది. ఊళ్ళో వరసగా హత్యలు, పట్టించుకున్నవాడు లేడు. 2022 డిసెంబరులో ఇంకో నాయకుణ్ణి చంపితే జనం రోడ్డెక్కారు, సైన్యం కాల్చింది. 2023 ఫిబ్రవరిలో వాళ్ళ పెద్దలు కూర్చుని "మేం మీతో లేం, సోమాలియాతో ఉంటాం" అన్నారు. ఇదీ చెట్టు కింద తీర్మానమే కదా! దానికి జవాబు ఫిరంగులు. ఆసుపత్రి మీదా పడ్డాయి. లక్షన్నరకి పైగా జనం ఊరొదిలి పోయారు. ఆగస్టు 25న గోజఅదె స్థావరం పోయాక గానీ సైన్యం వెనక్కి తగ్గలేదు.

ఓడరేవు:
తమ్ముడూ, ఒకవైపే చెబుతున్నావు. ధుల్బహాంతే పెద్దలు 1991లో బురావ్‌లోనూ ఉన్నారు, 1993లో బొరామాలోనూ ఉన్నారు. సరిహద్దు బ్రిటిష్ వాళ్ళు గీసినదే. ఒక వంశం లేచి వెళ్ళిపోతానంటే ఏ దేశమైనా ఊరుకుంటుందా?

తూర్పుగట్టు:
అదే మాట మొగదిషువాళ్ళు హర్గీసావాళ్ళని అంటున్నారు కదన్నా. వెళ్ళిపోయే హక్కు ఇసాక్‌లకే రాసిచ్చారా? బ్రిటిష్ సరిహద్దు అంటారు. ఆ బ్రిటిష్ వాళ్ళతోనే ఇరవయ్యేళ్ళు పోరాడిన దర్వీష్‌లు అనే తిరుగుబాటుదారుల్లో ఎక్కువమంది ఈ ధుల్బహాంతేలే. 1920లో వాళ్ళ తలెహ్ కోట మీద విమానాలతో బాంబులు వేసి ఆ తిరుగుబాటు అణిచారు. హర్గీసాకి 1988 ఎంతో, ఆ తూర్పుకి 1920 అంత.

చరిత్రపిచ్చోడు:
తూర్పుగట్టు పాయింటు గట్టిది. నా బొరామా మోజు ఒప్పుకుంటూనే చెబుతున్నా: ఆ సభ బలమంతా ఇక్కడ ఉంది, ప్రెసిడెంటు ఎన్నిక తప్పిస్తే చాలావరకు ఓట్లతో తేల్చలేదు, అందరూ సరేననేదాకా కూర్చున్నారు. 2001లో రాజ్యాంగం వచ్చింది, ఓట్ల లెక్క వచ్చింది. ఓట్ల లెక్కలో తూర్పువాళ్ళు ఎప్పటికీ తక్కువే. గూర్తిలో కుర్చీ ఇచ్చారు గానీ 2023లో ఆ గూర్తి లాస్ ఆనోద్ వెళ్ళి చాప వేసుకుని కూర్చోలేకపోయింది, ఎందుకంటే అప్పటికే అది ప్రెసిడెంటు మనుషుల సభ. ఏ పనికోసం పుట్టిందో ఆ పని వచ్చిన రోజున పనికిరాలేదు.

ఓడరేవు:
దీనికి నా దగ్గర జవాబు లేదు.

కొత్తసభ్యుడు:
ఇంతకీ వీళ్ళని దేశంగా ఎవరైనా గుర్తించారా?

చరిత్రపిచ్చోడు:
2020లో తైవాన్‌తో పరస్పర కార్యాలయాలు తెరిచారు. 2024 జనవరి 1న ఇథియోపియాతో సముద్రతీరం మీద ఒప్పందపత్రం రాసుకున్నారు, అది అక్కడే నానుతోంది. 2025 డిసెంబరు 26న ఇజ్రాయెల్ గుర్తించింది, ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో మొదటిది. దాని మీద ఇంకో దారం తెరవండి, ఇక్కడ మొదలెడితే తెల్లారిపోతుంది.

పడమటిగాలి:
నిన్న రాత్రి కరెంటు పోయి డాబా మీద కూర్చుంటే ఆ కుర్రాడూ వచ్చాడు. ఇక్కడ చదివిన ధైర్యంతో "నీ అబ్తిర్సి చెప్పు" అన్నాను. ముందు నవ్వాడు, తరవాత కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. నేను పద్నాలుగు దాకా లెక్కపెట్టి వదిలేశాను. "మీరు చెప్పండంకుల్" అన్నాడు. నాకు ముత్తాత దగ్గరే ఆగిపోయింది.

లాస్ ఆనోద్ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. వాళ్ళ నాన్న హబర్ జెలో, అమ్మ ధుల్బహాంతే. సోమాలీలో కూడా మేనమామ ఇంటికి ప్రత్యేకంగా పేరుందట, రేర్ అబ్తి. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళేది అక్కడికే, ఒంటెపాలు తాగేది అక్కడే. 2023లో పెదనాన్న కొడుకు ఒకడు సైన్యంలో గోజఅదెలో ఉన్నాడు, మేనమామలు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళమ్మ హర్గీసాలో ఇంట్లోనే ఉండి ఇద్దరికీ రోజూ ఫోన్ చేసేదట. చుట్టుపక్కలవాళ్ళు వింటారని మెట్ల కింద కూర్చుని, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకుండా.

"ఎవరైనా పోయారా?" అని అడిగాను. కరెంటు వచ్చింది. "చదువుకోవాలంకుల్" అని కిందికి దిగిపోయాడు.